నాలుగో సరస్సు దగ్గర ముప్ఫై ఎనిమిది

విచారణ నివేదిక మొత్తం పదకొండు పేజీలు. అందులో మా చెల్లెలి గురించి ఉన్నవి రెండున్నర వాక్యాలు. ఇరవై ఏడేళ్లపాటు ఉత్తరాది సరస్సుల బస్సులో గైడుగా నిలబడి, ఎండకీ మంచుకీ గొంతు అరగదీసుకున్న మనిషిని "సదరు ఉద్యోగిని" అన్న రెండు మాటల్లో చుట్టి పక్కన పెట్టారు. చనిపోయిన ఆ పెద్దావిడకు మాత్రం ఒక పూర్తి వాక్యం కేటాయించారు. అది పచ్చి అబద్ధం. ఆ వాక్యం సంస్థ బీరువాలో చల్లగా కూర్చుని ఉన్నంతకాలం నాకు నిద్ర పట్టదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను ఆ రోజు బస్సులో లేను. రాసేదంతా చెల్లెలు చెప్పినది, డ్రైవరు చెప్పినది, నా దగ్గరున్న కాగితాలు చెప్పినది. ఊహించి రాసినది ఒక్కటీ లేదు.

డ్రైవర్లందరూ మా చెల్లెల్ని లెక్కలక్క అని పిలిచేవారు. బడిలో లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే తెచ్చుకున్న మనిషికి ఆ పేరు రావడం మా ఇంట్లో పెద్ద హాస్యం. పేరు వచ్చిన కారణం మాత్రం హాస్యం కాదు. బస్సులో ముప్ఫై ఎనిమిది సీట్లు, దారిలో ఏడు సరస్సులు. ప్రతి సరస్సు దగ్గరా జనం దిగుతారు, ఫోటోలు తీసుకుంటారు, పడవ ఎక్కుతారు, తిరిగి వస్తారు. బస్సు కదిలే ముందు ఆమె వెనక వరస నుంచి ముందుకు నడుస్తూ తలలు లెక్కపెట్టేది. అదే సమయంలో డ్రైవరు తన ముందున్న అద్దంలో చూస్తూ లెక్కపెట్టేవాడు. ఎవరూ నోరు విప్పకూడదు. ఇద్దరూ చెరో చీటీ మీద అంకె, సమయం రాసుకుని, ఆ తర్వాతే ఒకరికొకరు చూపించుకోవాలి.

"ఒకళ్ల అంకె చెవిన పడిందంటే రెండోవాళ్ల కళ్లు దానికే సర్దుకుపోతాయి అన్నయ్యా. ముందు రాయాలి, తర్వాతే నోరు తెరవాలి," అనేది.

ఈ పద్ధతి సంస్థ నేర్పింది కాదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏట తనే పెట్టుకుంది. చీటీలను ఇంటికి తెచ్చి పారెయ్యబోతే నేను పడనివ్వలేదు. చెప్పుల పెట్టెల్లో సంవత్సరాలవారీగా సర్ది ఉంచాను. ఇరవై అయిదేళ్లలో రెండు చీటీలు కలవని సందర్భాలు నూటపదకొండు. ఆ నూటపదకొండు సార్లూ ఆమె బస్సు ఆపి, దిగి, వెతికి, తప్పిపోయిన మనిషిని చెయ్యి పట్టుకుని తెచ్చింది. సంస్థవారు ఇందులో ఒక్కసారి కూడా ఆమెను మెచ్చుకున్నట్టు కాగితం లేదు. ఆలస్యానికి సంజాయిషీ అడిగిన కాగితాలు పద్నాలుగు ఉన్నాయి.

ఇక మడత సీటు సంగతి. బస్సు తలుపు పక్కన, మెట్ల మీదుగా, గైడు కోసం గోడకు బిగించిన చిన్న సీటు అది. మా చెల్లెలు దాని మీద కూర్చున్నది తక్కువ. సరస్సుల దగ్గర పనిచేసేవాళ్లు, అంటే పడవల కాపలావాళ్లు, ఊడ్చేవాళ్లు, టికెట్లిచ్చేవాళ్లు, పని ముగించుకుని ఇంటికి వెళ్లేటప్పుడు ఆ సీటు వాళ్లది. ఆ దారిలో వేరే బస్సు లేదు. ఎవరూ రాసిపెట్టని ఏర్పాటు అది, అందరికీ తెలిసిన ఏర్పాటు. మడత సీటు మీది మనిషి లెక్కలోకి రాడు. చెల్లెలి నడక మొదటి వరస దగ్గరే ఆగిపోతుంది. డ్రైవరు అద్దంలో ఆ మూల కనబడదు.

ఆ సంవత్సరం సీజను చివర్లో ఆ సీటు బందు విరిగింది. తాడుతో గోడకు కట్టేశారు. బాగుచెయ్యమని ఆమె అయిదు వారాల్లో మూడు ఉత్తరాలు రాసింది. మూడింటి నకళ్లూ, అందినట్టు వేసిన ముద్రలతో సహా, నా దగ్గర ఉన్నాయి. జవాబు ఒక్కదానికీ లేదు. ఆ అయిదు వారాలూ ఇంటికెళ్లే పనివాళ్లు మెట్ల దగ్గర నిలబడి ప్రయాణం చేశారు.

సీజను ముగియడానికి నాలుగు రోజుల ముందు, ఉదయం ఏడున్నరకు, బస్సు నిండా ముప్ఫై ఎనిమిది మంది ఎక్కారు. మా చెల్లెలు మైకు పట్టుకుని ఎప్పటిలాగే చెప్పింది.

"ఎవరైనా తప్పిపోతే దయచేసి నన్ను వెతక్కండి. నేనింత లావుగా ఉన్నా పొగమంచులో కనబడను. బస్సు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడికొచ్చి నిలబడండి. కదలొద్దు. నేనే వస్తాను. ఇరవై ఏడేళ్లలో రాని రోజు లేదు."

నాలుగో వరసలో ఒక బొజ్జాయన లేచాడు. "మా ఆవిణ్ణి వదిలేసి వెళ్తే ఏమిస్తారండీ?"

"వదిలెయ్యడం సులువేనండి. మళ్లీ తెచ్చి మీకు అప్పజెప్తాను, అదే మీ బాధ!"

బస్సంతా నవ్వింది. బొజ్జాయన భార్య అందరికంటే గట్టిగా నవ్వింది.

పక్క సీటు లేని పదిహేడో సీటులో కిటికీ పక్కన ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుంది. డెబ్బై ఒక్క ఏళ్లు. తలకు స్కార్ఫు, చెవిలో వినికిడి యంత్రం, ఒంటి మీద తనే కుట్టుకున్న ఆకుపచ్చ కోటు. మొదటి సరస్సు దగ్గర చెల్లెలు ఆమె చెయ్యి పట్టి దింపింది.

"ఈ కోటు ఎక్కడ కొన్నారు పెద్దమ్మా? కుట్టు ఎంత సన్నంగా ఉంది!"

"కొనడమేమిటే పిల్లా, కుట్టుకున్నాను. నలభై ఏళ్లు దర్జీ దుకాణంలో కూర్చున్నాను. ఎదురుగా గోడ, చేతిలో సూది. సూది బెజ్జం తప్ప ఏమీ చూళ్లేదు. ఇప్పుడు కాస్త దూరంగా ఉండేవాటిని చూద్దామని వచ్చాను."

"అయితే నాలుగోది చూడండి. అవతలి ఒడ్డు కనబడదు."

"కనబడకపోతే చూసేదేముందీ?"

"అదే చూడాలి మరి!"

ఈ సంభాషణను చెల్లెలు నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. నాలుగోది చూడమని చెప్పింది తనే కదా అని అక్కడ ఆగిపోతుంది.

నాలుగో సరస్సు దగ్గర మధ్యాహ్నం రెండు గంటలకే ఆకాశం మూసుకుపోయింది. వానతో కలిసి సన్నగా మంచు రాలుతోంది. మరో బస్సేదీ రాలేదు. రెండు ఇరవై అయిదుకు బయలుదేరుతామని చెల్లెలు చెప్పింది. చలికి జనం ముందే పరుగెత్తుకొచ్చి ఎక్కేశారు. కనుమదారిలో పొగమంచు దిగేలోగా దాటేద్దామని డ్రైవరు తొందరపడ్డాడు. ఈ డ్రైవరుకు నిదానం అని పేరు. నలభై కిలోమీటర్ల వేగం దాటని మనిషి తొందరపడుతున్నాడంటే కారణం ఉంటుందని ఆమె అనుకుంది.

ఆమె బస్సు వెనక భాగంలో తడిసిన గొడుగు ఎవరి మీద కారుతోందన్న తగాదా తీరుస్తోంది. సరిగ్గా అప్పుడే పడవల టికెట్ల పిన్ని బస్సెక్కింది. మోకాళ్ల నొప్పుల మనిషి, పన్నెండేళ్లుగా ఆ రేవులో టికెట్లు చించుతోంది. పడవలు కట్టేసి, కిటికీ మూసి ఇంటికి బయలుదేరింది. నిదానం ఆమె ఎక్కడం చూశాడు. మెట్ల దగ్గరే నిలబడిందనుకుని అద్దం మీది ఆవిరి తుడవడంలో పడ్డాడు. ఆమె మాత్రం, ఒక కిటికీ సీటు ఖాళీగా కనబడితే, సీటు మనిషి వచ్చేదాకా మోకాళ్లకు కాస్త ఊపిరి అనుకుని కూర్చుంది; ఇది తర్వాత చెల్లెలికి ఆమే చెప్పింది. తలకు స్కార్ఫు ఉంది. అది పదిహేడో సీటు.

చెల్లెలు వెనక నుంచి ముందుకు నడిచింది. ముప్ఫై ఎనిమిది. నిదానం అద్దంలో చూశాడు. ముప్ఫై ఎనిమిది. రెండు చీటీల మీదా సమయం రెండు ఇరవై. అందరూ వచ్చేశాక అయిదు నిమిషాలు ఊరికే ఎందుకు కూర్చోవడమని బస్సు కదిలింది. ఎవరూ రాకపోయేసరికి అది ఖాళీ సీటే కాబోలు అనుకుందట పిన్ని.

ఆ సమయానికి కుట్టుపని పెద్దమ్మ రేవు చివర నిలబడి, కనబడని అవతలి ఒడ్డును చూస్తోంది. గాలికి ఈల వేస్తోందని వినికిడి యంత్రం తీసి జేబులో పెట్టుకుంది. రెండు ఇరవై మూడుకు తన గడియారం చూసుకుని బస్సు ఆగిన చోటికి వచ్చింది. చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందు.

టికెట్ల పిన్ని దారిలో తన మలుపు దగ్గర దిగి చెయ్యి ఊపింది. "జాగ్రత్త పిన్నీ, జారుతుంది," అని చెల్లెలు తలుపు వేసింది. మెట్ల మీదే నిలబడి వచ్చిందనుకుంది.

అయిదో సరస్సు దగ్గర యాభై నిమిషాలు ఆగారు. మూడు నలభైకి లెక్క. ఆమె చీటీ మీద ముప్ఫై ఏడు. నిదానం చీటీ మీద ముప్ఫై ఏడు.

"పదిహేడు," అంది చెల్లెలు. "కుట్టుపని పెద్దమ్మ. ఇక్కడే ఎక్కడో ఉంటుంది."

ఇక్కడే. ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో చూడండి. నాలుగో సరస్సు చీటీలు రెండూ ముప్ఫై ఎనిమిది అంటున్నాయి కాబట్టి మనిషి నాలుగో సరస్సు దాటి వచ్చింది. కాబట్టి అయిదో సరస్సు దగ్గరే తప్పిపోయింది. ఇందులో తప్పు పట్టడానికేముంది? ఇరవై అయిదేళ్లుగా ఆ చీటీ ఆమెకు అబద్ధం చెప్పలేదు. నేనే అక్కడ ఉంటే ఆ చీటీనే ముందుపెట్టి వాదించేవాణ్ణి.

వెతికారు. ఒడ్డు వెంట, మరుగుదొడ్లలో, ఫలహారశాల వెనక, బొమ్మల దుకాణంలో. బొజ్జాయన తన పెద్ద గొంతుతో పైన్ చెట్ల మధ్య కేకలేశాడు. జారుడు రాళ్ల మీద చెల్లెలు రెండుసార్లు పడింది. నీటి అంచున ఆకుపచ్చగా ఏదో తేలుతుంటే మోకాలి లోతుకు దిగింది. అది నాచు.

నాలుగు గంటల తర్వాత జనం విసుక్కోవడం మొదలుపెట్టారు.

"ఎవరి కారెక్కో హోటలుకి వెళ్లిపోయుంటుందండీ, మనల్ని ఇక్కడ బిగదీస్తున్నారు!"

"చెవుడట కదా. చెవిటివాళ్లను ఒంటరిగా ఎవరు పంపుతారో!"

"నోరు ముయ్యవయ్యా," అంది బొజ్జాయన భార్య. "ఆవిడకి వినబడకపోతే పోయె, మాకు వినబడుతోంది."

ఫలహారశాల ఫోనులోంచి చెల్లెలు మేనేజరుతో మాట్లాడింది. నిదానం పక్కనే ఉన్నాడు.

"పోలీసులకు చెప్పి మీరు బయలుదేరండమ్మా. ముప్ఫై ఏడుమంది చలిలో ఉన్నారు."

"ముప్ఫై ఎనిమిదో మనిషి ఎక్కడుంది సార్?"

"అది పోలీసుల పని. మీ పని షెడ్యూలు."

"షెడ్యూలు తర్వాత చూద్దాం సార్. చీకటి పడుతోంది."

చీకటి నిజంగానే పడుతోంది. ఆ కాలంలో అక్కడ నాలుగున్నరకే సూర్యుడు కొండ వెనక్కి వెళ్లిపోతాడు. పెద్దమ్మ కాగితం ఏదైనా దొరికితే చిరునామా తెలుస్తుందేమోనని చెల్లెలు బస్సెక్కి పదిహేడో సీటు దగ్గర వంగింది. సీటు మీద, సందుల్లో, గులాబీ రంగు చిన్న చిన్న కాగితపు చుక్కలు. గోరంత కూడా లేవు. పడవ టికెట్లకు చిల్లు పెట్టినప్పుడు రాలే చుక్కలవి. టికెట్ల పిన్ని స్వెట్టరుకి ఎప్పుడూ అంటుకునే ఉంటాయి. ఆమె ఎక్కడ కూర్చుంటే అక్కడ రాలతాయి.

చెల్లెలు ఒక చుక్కను వేలి కొనకు అంటించుకుని లేచింది. తర్వాత తాడుతో కట్టిన మడత సీటు వైపు చూసింది.

"నిదానం," అంది. "పిన్ని నిలబడలేదు. ఇక్కడ కూర్చుంది."

నిదానానికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక స్టీరింగు మీద తల ఆనించాడు. "అక్కా, నేను లెక్కపెట్టింది పిన్నినా?"

"ఇద్దరం లెక్కపెట్టాం. బండి తిప్పు."

"మేనేజరు..."

"బండి తిప్పు తమ్ముడూ."

నలభై దాటని మనిషి ఆ పదకొండు కిలోమీటర్ల కనుమదారిలో ఎంత వేగంతో పోయాడో నాకు చెప్పడు. పొగమంచులో లైట్ల ముందు పది అడుగులు కూడా కనబడలేదన్నది మాత్రం చెప్పాడు. చెల్లెలు ముందు అద్దానికి ముఖం ఆనించి నిలబడింది.

"కూర్చో అక్కా, మలుపుల్లో పడిపోతావ్," అన్నాడు నిదానం.

"ఎక్కడ కూర్చోను?" అందట. "సీటు విరిగింది కదా."

దారంతా ఆమె ఒకటే మాట గొణుక్కుంది. షెడ్డులోకి వెళ్లి ఉంటుంది. షెడ్డులోకి వెళ్లి ఉంటుంది. నాలుగో సరస్సు దగ్గర టికెట్ల కిటికీ వెనక ముప్ఫై అడుగుల్లో రేకుల షెడ్డు ఉంది. మూడు వైపులా గోడ, లోపల బల్లలు. అక్కడికి వెళ్తే వాన తగలదు, గాలి తగలదు. మనిషి బతుకుతుంది. ఎవరైనా అక్కడికే వెళ్తారు.

సరిగ్గా అయిదు గంటలకు బస్సు లైట్లు నాలుగో సరస్సు దగ్గరి పార్కింగు మీద పడ్డాయి. తెల్ల గీతలతో బస్సు కోసం గీసిన నలుచదరం. దాని నడుమ ఆకుపచ్చ కోటు. సంచి రెండు చేతులతో గుండెకు అదుముకుని, బస్సు వచ్చే దారికి ఎదురుగా, పెద్దమ్మ నిలబడి ఉంది. స్కార్ఫు మీదా భుజాల మీదా మంచు పేరుకుని ఉంది. చెల్లెలు దూకి దగ్గరికి పరుగెత్తేసరికి ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. ఒణుకు కూడా ఆగిపోయింది.

"నేను కదలలేదమ్మా," అంది.

"షెడ్డు ఉంది కదా పెద్దమ్మా! అదిగో, అక్కడ! లోపలికి వెళ్లి కూర్చోవచ్చు కదా!"

పెద్దమ్మ ఆమె పెదవుల వైపు చూసింది. వినికిడి యంత్రం జేబులోనే ఉంది. అయినా అర్థం చేసుకుంది.

"అక్కణ్ణించి ఈ చోటు కనబడదు. నువ్వు వచ్చి, నేను లేననుకుని వెళ్లిపోతే?" కాస్త ఆగి అంది, "వస్తానన్నావుగా."

ఆ తర్వాత కూలిపోయింది.

బొజ్జాయన ఆమెను రెండు చేతుల్లో ఎత్తుకుని బస్సెక్కించాడు. అతని భార్య తడి కోటు విప్పి తన స్వెట్టరు తొడిగింది. విసుక్కున్నవాళ్లే శాలువాలు తీసి ఇచ్చారు. చెల్లెలు ఆసుపత్రి వచ్చేదాకా ఆమె పాదాలను తన ఒళ్లో పెట్టుకుని రుద్దింది. పాదాలు రాయిలా ఉన్నాయని, రాయి అయినా వేడెక్కుతుందని నాతో అంది.

డాక్టర్లు ప్రయత్నించారు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. రెండో రోజు కాస్త తెలివి వచ్చి, రేవు దగ్గర యంత్రం ఎందుకు తీసిందో, గడియారం ఎప్పుడు చూసుకుందో చెప్పింది. అవతలి ఒడ్డు నిజంగానే కనబడలేదని కూడా చెప్పింది. మూడో రోజు తెల్లవారుతుండగా పోయింది.

విచారణ నెల తర్వాత జరిగింది. గోడకు పాత క్యాలెండరు, బల్ల మీద ఎవరూ తాగని నీళ్ల జగ్గు, అధికారి ఒకడు, మేనేజరు ఒకడు, మా చెల్లెలు. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు సరిగా పడదు కాబట్టి అంతా వినబడింది. నా ఒళ్లో మూడు ఉత్తరాల నకళ్లు ఉన్నాయి. అంతకు ముందు రోజే వాటిని ఆమె చేతిలో పెట్టాను.

"ఇవి చూపించు. తప్పు వాళ్లదని ఇంతకంటే రుజువు ఏం కావాలి? అయిదు వారాలు సీటు బాగుచెయ్యలేదు!"

ఆమె కాగితాలు తిరగేసి నాకే ఇచ్చేసింది. "సీటు విరిగిందని మూడు ఉత్తరాలు రాసిన మనిషికి, ఆ రోజు సీటు విరిగి ఉందని గుర్తుండొద్దా అన్నయ్యా? ఇవి వాళ్ల మీద కంటే నా మీదే ఎక్కువ చెప్తాయి."

నాకు కోపం వచ్చింది. అయినా మర్నాడు ఆ నకళ్లు పట్టుకునే వెళ్లాను.

లోపల అధికారి గొంతు మెత్తగా ఉంది. "చూడండమ్మా, ఇన్నేళ్ల సర్వీసు మీది. మాకు మీ మీద కక్ష లేదు. ప్రయాణికురాలు చెప్పిన సమయానికి చెప్పిన చోటికి రాలేదు. వయసు, చెవుడు... సహజమే. అదే రాశాం. మీకు ఒక హెచ్చరికతో పోతుంది. ఇక్కడ సంతకం పెట్టండి, వచ్చే సీజనుకి మళ్లీ బస్సెక్కండి."

"ఏ చోటికి రాలేదు సార్?"

"బస్సు దగ్గరికి."

"బస్సే అక్కడ లేదు. ఆవిడ ఉంది."

"అమ్మా, పోయినావిడకి ఇప్పుడు ఈ వాక్యంతో పనేముంది చెప్పండి? మీకు ఉద్యోగంతో పనుంది."

కాగితాలు బల్ల మీద లాగిన చప్పుడు. తర్వాత కలం రాస్తున్న చప్పుడు. మేనేజరు "అయ్యయ్యో, అందులో రాయకూడదండీ!" అని కుర్చీ వెనక్కి నెట్టుకుని లేచాడు. ఆమె బయటికి వచ్చేటప్పటికి చేతిలో తనకిచ్చిన ప్రతి ఉంది. రెండు ప్రతుల్లోనూ ఒకే చోట రాసింది.

పదహారో రోజున ఆమెను తొలగిస్తూ ఉత్తరం వచ్చింది. కారణం, అధికారిక పత్రాన్ని పాడుచేయడం. మనిషి ప్రాణం గురించి అందులో ప్రస్తావన లేదు. మడత సీటు మాత్రం పెద్దమ్మ పోయిన ఆరో రోజునే బాగుపడింది. బందు మార్చిన మెకానిక్కు నాకు ఆ పని చీటీ నకలు ఇచ్చాడు.

ఇప్పుడు చెల్లెలు మా ఇంట్లోనే ఉంటోంది. కూరగాయలు తరుగుతుంది, బట్టలు మడతపెడుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. బజారుకు తోడు తీసుకెళ్లినప్పుడు "ఇక్కడే ఉండు, ఇప్పుడే వస్తాను" అన్న మాట మేమెవరం ఆమెతో అనము. ఒకసారి మా ఆవిడ మందుల దుకాణం ముందు మరిచిపోయి అనేసింది. తిరిగి వచ్చేసరికి ఆమె నడివీధిలో నిలబడి ఉంది, రెండు వైపులా వాహనాలు హారన్లు కొడుతుంటే. పక్కకు జరగమని ఎంతమంది చెప్పినా జరగలేదట.

సంస్థవారి దగ్గర అధికారిక ప్రతి కావాలని నేను దరఖాస్తు పెట్టాను. ఏడు నెలలకు పంపారు. తొమ్మిదో పేజీ కొత్తగా టైపు చేసి ఉంది. పెద్దమ్మ గురించిన ఆ వాక్యం చెక్కుచెదరకుండా ఉంది: "ప్రయాణికురాలు నిర్ణీత సమయానికి నిర్ణీత స్థలంలో లేకపోవడమే సంఘటనకు ప్రధాన కారణం." దాని కింద ఖాళీ.

నా ప్రతిలో ఖాళీ లేదు. ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి, చీటీల మీద అంకెలు రాసే అదే గుండ్రటి చేతిరాతతో, మా చెల్లెలు ఇలా రాసింది: "ఆమె రెండు ఇరవై మూడుకు వచ్చింది. అయిదు గంటల వరకు నేను చెప్పిన చోటే నిలబడింది. ఆమె కదలలేదు. వెళ్లిపోయింది నేను."